లోయర్ యూనిట్: విప్పుదామా, వదిలేద్దామా?

(పడవ ఒకటే, యజమానులు ఇద్దరు. సీజను ముగిసి పడవ ట్రైలర్ ఎక్కింది. ఇంజన్ పడవ లోపల, దాని కాలు వెనుక గోడకు అవతల నీళ్లలో ఉండే ఏర్పాటును స్టెర్న్‌డ్రైవ్ అంటారు. ఆ కాలికి పాదం లాంటిది లోయర్ యూనిట్. తగువంతా దాని గురించే.)

బావమరిది: బావా, ఈ ఏడాది మనం పడవను 40 గంటలు కూడా తిప్పలేదు. గేర్ ఆయిల్ 100 గంటలకు మార్చమన్నారు. మీరేమో అప్పుడే స్పానర్ పట్టుకున్నారు.

బావ: వాక్యం సగంలో ఆపేశావు. 100 గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది.

బావమరిది: నడుస్తున్నదాన్ని కెలకడం కొరివితో తల గోక్కోవడమే. కిందటిసారి ఏమైంది? అంతవరకు చుక్క కారని నూనె రంధ్రపు ప్లగ్గు, మెకానిక్ చేయి పడ్డాక కారడం మొదలుపెట్టింది. నీటి మీద ఇంద్రధనుస్సు తేలింది.

బావ: అతను పాత వాషరే మళ్లీ వేశాడు. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి సరిగా కూర్చోదు. నేను కొత్తవి తెచ్చాను, చూడు.

బావమరిది: అసలు విప్పకపోతే వాషర్ గొడవే లేదు కదా! ఇంజన్ పక్కన ఈ గేర్ ఆయిల్ సీసా ఉంది. నెలకోసారి చూస్తున్నాను, మట్టం గీత దగ్గరే ఉంది. ఇంకేం కావాలి?

బావ: నూనె బయటికి పోతే మట్టం తగ్గుతుంది. నీళ్లు లోపలికి వస్తే తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. పైగా నీళ్లు నూనె కంటే బరువు. పడవ నిలబడి ఉన్నప్పుడు అవి పాదంలోనే పేరుకుంటాయి, పైనున్న సీసాకు ఆ కబురే అందదు. ఇంజన్ నుంచి అడ్డంగా వచ్చిన తిప్పుడు పైన ఒకసారి మళ్లి నిలువు షాఫ్ట్‌లో దిగుతుంది. కింద మళ్లీ అడ్డం తిరిగి ప్రొపెల్లర్‌కు చేరుతుంది. వోల్వో పెంటా కంపెనీ 1959లో ఆక్వామాటిక్ అనే స్టెర్న్‌డ్రైవ్ తెచ్చిన నాటి నుంచీ ఈ రెండు మలుపులే. కింది మలుపు ఎప్పుడూ నీటిలో మునిగే ఉంటుంది. ఆ గేర్లకూ బయటి నీటికీ మధ్య ఉన్నది రబ్బరు సీలు పెదవి మాత్రమే.

బావమరిది: ఆ పెదవి ఇన్నాళ్లూ ఆగింది కదా?

బావ: ఆగిందో లేదో చూద్దామనే అంటున్నాను. నీళ్లు కలిస్తే నూనె పాలరంగుకు తిరుగుతుంది, బేరింగులు తుప్పు పడతాయి. చలికి ఆ నీరు గడ్డకడితే గేర్ పెట్టే పగులుతుంది.

(బావ కింది ప్లగ్గు వదులు చేస్తాడు. ఇద్దరూ ట్రే మీదికి వంగుతారు. మొదటి చుక్క నీరు కాదు. చిక్కగా, నల్లగా, నూనె మాత్రమే దిగుతుంది. ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద, కాటుక పలుచన.)

బావమరిది: చెప్పానా! నూనె బంగారంలా ఉంది.

బావ: ముద్దను వేళ్ల మధ్య నలుపు.

బావమరిది: మెత్తగానే ఉంది. రేణువులు తగలడం లేదు.

బావ: అయితే ఇది మామూలు అరుగుదలే. గరగరలాడితే, మెరిసే పెచ్చు దొరికితే గేరు పన్ను పోయినట్టు. సరే, ఈసారికి గెలుపు నీదే.

బావమరిది: గెలిచినవాడి హక్కుగా ప్రొపెల్లర్ నేనే ఊడదీస్తాను. షాఫ్ట్‌కు గ్రీజు రాయాలిగా. (నట్టు విప్పి, ప్రొపెల్లర్‌ను లాగి, ఆగిపోతాడు.) బావా... ఇదేమిటి?

(షాఫ్ట్ చుట్టూ చేపల గాలపు దారం. పది పన్నెండు చుట్లు, వేడికి కరిగి గట్టిపడి, సీలు అంచులోకి దిగి ఉంది.)

బావ: సీలును కోసేది ఇదే. నూనెకు ఇంకా తెలియదు.

బావమరిది: అయితే సీలు మార్చేద్దాం. ఇవాళే! పాదం మొత్తం విప్పుదాం!

బావ: ఇప్పుడు వద్దనేది నేను. ముందు దారం తీద్దాం. నూనె పూర్తిగా దిగాక గాలి పంపు బిగించి, గేజీ ముల్లు 10 పౌండ్ల ఒత్తిడి దగ్గర నిలిపి చూద్దాం. సీలు మీద సబ్బు నీళ్లు చల్లు. బుడగ వస్తే మారుద్దాం. రాకపోతే నీ సిద్ధాంతమే, ముట్టుకోవద్దు.

బావమరిది: ఆనోడ్ సంగతి, అదే, డ్రైవ్‌కు బదులు తాను అరిగే ఆ లోహపు ముక్క? సగం కూడా అరగలేదు, దాన్నైనా వదిలేయవచ్చు.

బావ: దాని మీద రంగు పూసిన మహానుభావుడెవరు? రంగు కింద అది ఎలా అరుగుతుంది? దాని వంతు డ్రైవ్ అల్యూమినియమే తినబడుతుంది. గీకు.

(అర గంట. గేజీ ముల్లు కదలలేదు, బుడగ రాలేదు. కొత్త నూనెను కింది రంధ్రం నుంచి పంపుతో పైకి ఎక్కిస్తున్నారు. పై రంధ్రంలో బుడగలు ఆగి, నూనె తొంగిచూసింది.)

బావమరిది: కింది ప్లగ్గు పెట్టేయనా?

బావ: ముందు పైది! పైది మూయకుండా కింది గొట్టం తీశావా, నూనె అంతా మన ఒడిలోనే.

బావమరిది: కొత్త వాషర్ ఇటివ్వండి.