శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరే, దేవనహళ్లే దూరం

బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 14,000 కిలోమీటర్లట. ఈ లెక్క తప్పని మా మామగారి నిశ్చితాభిప్రాయం. అనంతపురంలో ముప్పయ్యేళ్లు లెక్కల మాస్టారుగా చేసిన మనిషి, తీసిపారేయలేం.

ఆయన పద్ధతి ఇదీ. నాన్‌స్టాప్ విమానం మధ్యాహ్నం రెండింటికి ఎక్కితే అదేరోజు సాయంత్రం అయిదున్నరకి అక్కడ దిగుతాం. అంటే మూడున్నర గంటలు. అనంతపురం నుంచి బెంగళూరు బస్సుకి నాలుగు. కాబట్టి చిన్నకూతురు మాకంటే దగ్గర్లోనే ఉంది! విమానంలో 17 గంటలు కూర్చోవాలనీ, చలికాలంలో అక్కడి గడియారం మనకన్నా పదమూడున్నర గంటలు వెనకనీ గొణిగాను. "వాళ్ల గడియారం వెనకబడితే నన్నంటావేమప్పా" అన్నారు.

అసలు దూరం వేరే ఉంది. అనంతపురం బస్సు చిక్కబళ్లాపురం దాటి దేవనహళ్లిలోని బెంగళూరు ఎయిర్‌పోర్టు పక్కనుంచే వస్తుంది. కానీ అల్లుడింట్లో ఒక పూట భోంచెయ్యకుండా విమానమెక్కడం మర్యాద కాదు. అందుకని మారతహళ్లి దాకా నలభై కిలోమీటర్లు వచ్చారు, మర్నాడు అదే నలభై వెనక్కి.

హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో కారు ఆగింది. అత్తగారి ఒళ్లో మూడు కవర్లు, ఒక తువ్వాలు చుట్టిన ఆవకాయ సీసా. మామగారు కిటికీలోంచి వేరుశెనక్కాయలు కొన్నారు, ఒలిచారు, తిన్నారు. ఎదురుగా అదే లారీ, దాని వెనక అదే నిమ్మకాయ. తీరిక దొరికింది గదా అని పొట్లం కాగితం మీద భూగోళం గీశారు. బెంగళూరు 77 డిగ్రీల తూర్పున, శాన్‌ఫ్రాన్సిస్కో 122 డిగ్రీల పడమట. దాదాపు ఎదురుబొదురు. అందుకే దగ్గరి దారి ఉత్తర ధ్రువం వైపు నుంచి పోతుంది.

"అక్కడ సిగ్నల్ ఉండదేమో నాన్నా, ఫోన్ కలవదు" అంది మా ఆవిడ.

"సిగ్నలే లేదా!" మామగారి మొహం వెలిగిపోయింది. "అట్లా చెప్పు. మరి పదిహేడు గంటల్లో పోదా!"

వెళ్లడం వరకూ బాగానే ఉంది. చిక్కంతా తిరుగుప్రయాణంలో. 2021లో జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే నడిపిన మొదటి ఎయిరిండియా నాన్‌స్టాప్ అక్కడ జనవరి 9 రాత్రి బయల్దేరి ఇక్కడ 11 తెల్లవారుజామున దిగింది. పోయేటప్పుడు మిగిలిన రోజు వచ్చేటప్పుడు వడ్డీతో సహా పోతుందన్నమాట. ఇది వినగానే అత్తగారికి టెన్షన్ పట్టుకుంది. ఆ మాయమైన రోజు ఏకాదశి అయితే?

"ఉపవాసానికేం, విమానంలో ఇచ్చేది ఎట్లాగూ తినను" అన్నారావిడ. "ద్వాదశి పారణ ఏ ఊరి సూర్యోదయానికి చెయ్యాల?"

మామగారు కాగితం అటూ ఇటూ తిప్పారు. జనవరిలో ధ్రువం మీద సూర్యోదయమే ఉండదు.

తిరుగు టికెట్లు ఇంకా బుక్ చెయ్యలేదు.