ప్రాజెక్టు మేనేజర్ల జీతం: గుట్టు ఎవరి లాభానికి?

హైదరాబాద్ ఐటీ రంగంలో ప్రాజెక్టు మేనేజర్లకు కంపెనీ నేరుగా ఇచ్చే పర్మనెంట్ ఉద్యోగాలతో పాటు, వెండర్ (కంపెనీలకు మనుషుల్ని సరఫరా చేసే మధ్యవర్తి ఏజెన్సీ) పేరోల్ మీద పనిచేసే కాంట్రాక్టులూ ఉంటున్నాయి. కాంట్రాక్టులో నెల మొత్తం పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి ఆశలూ దాని చుట్టూనే అల్లుకుంటాయి. ఆ ఎక్కువలో చాలా భాగం కాగితం మీదిదే. క్లయింటు ఎంత ఇస్తున్నాడో, అందులో వెండర్ ఎంత ఉంచుకుంటున్నాడో మాత్రం గుట్టుగానే ఉంటుంది.

నెలకు 2 లక్షల కాంట్రాక్టు అనుకుందాం. ఏడాదికి 24 లక్షలని లెక్కవేసుకోవడం సహజమే గాని, ఒక ప్రాజెక్టు ముగిసి మరొకటి దొరికేలోగా రెండు నెలలు గడిస్తే మిగిలేది 20 లక్షలే. డిసెంబరు చివర్లో అమెరికా క్లయింటు సెలవుల్లోకి వెళ్తే టైమ్‌షీట్‌లో ఆ గడులు ఖాళీగా ఉండిపోతాయి, ఖాళీ గడికి డబ్బు రాదు. అమ్మానాన్నల ఆరోగ్య బీమా ఖర్చూ సొంత జేబులోంచే. అలాగని పర్మనెంట్ వారి సీటీసీ, అంటే ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, నిజం చెబుతుందని కాదు. కంపెనీ వాటా పీఎఫ్, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే, చివరికి అయిదేళ్లు నిండితే గాని దక్కని గ్రాట్యుటీ కోసం మూల వేతనంలో 4.81 శాతం, అన్నీ కలిపితేనే ఆ అంకె అంత లావెక్కుతుంది.

చట్టం వైపు చూసినా పెద్దగా ఊరట లేదు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం మేనేజర్ హోదా వారిని మొదటే పక్కన పెట్టింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్రం కొత్త కార్మిక చట్టాలు, అంటే లేబర్ కోడ్‌లు, నిర్ణీత కాల ఉద్యోగులకు ఏడాదికే గ్రాట్యుటీ ఇవ్వాలన్నాయి, మంచిదే. ఆరు నెలలకో వెండర్ మారేవారికి దానివల్ల ఒరిగేది తక్కువ.

మనిషిని వెతికి, క్లయింటు ఆలస్యంగా చెల్లించినా జీతం ఆపకుండా ఇచ్చేది తామేనని వెండర్లు అంటారు. వారికి కొంత కమీషన్ న్యాయమే. అయితే న్యాయమైన కమీషన్‌ను దాచాల్సిన పనేమిటి?

అసలు సమస్య ఈ దాపరికమే. వారం వారం బడ్జెట్ షీట్‌లో ప్రతి గంట ఖర్చూ లెక్కగట్టే మేనేజరుకు, తన పనికి వెండర్ క్లయింటు నుంచి ఎంత వసూలు చేస్తున్నాడో తెలియదు. ఇంటర్వ్యూలో మాత్రం మేనేజరే తన పాత పేస్లిప్పు ముందుగా బల్ల మీద పెట్టాలి. ఒకసారి తక్కువకు ఒప్పుకున్నవారి తర్వాతి జీతం కూడా ఆ తక్కువ మీద ఇంత శాతం పెంపుగానే తేలుతుంది. మార్కెట్ రేటు అని మనం గౌరవంగా పిలుచుకునేది ఎక్కువగా ఇదే. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2021 నుంచి, న్యూయార్క్ నగరం 2022 నవంబరు నుంచి ఉద్యోగ ప్రకటనలో జీతం పరిధి చెప్పాలని నిబంధన పెట్టాయి. 2023 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశం పాత జీతం అడగడాన్నే నిషేధించి, అమలుకు 2026 జూన్ 7 వరకు సభ్య దేశాలకు గడువిచ్చింది. మన ప్రకటనల్లో ఇంకా ‘ఇండస్ట్రీ స్టాండర్డ్స్ ప్రకారం’ అన్న మాటే చెలామణీ అవుతోంది.

ప్రైవేటు కంపెనీలు తమంతట తాము ఈ గుట్టు విప్పుతాయని ఆశించడం అమాయకత్వం. ముందు ప్రభుత్వాలే కదలాలి, ఎందుకంటే ప్రభుత్వ శాఖలు కూడా ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ యూనిట్ల కోసం ఏజెన్సీల నుంచి మనిషికి నెలకింత అని టెండరు రేట్లు తీసుకుంటాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ రేటు పక్కనే ‘ఉద్యోగికి చేరే మొత్తం’ అని ఇంకో గడి పెట్టి, బిల్లు పాస్ చేసేముందు బ్యాంకు జమతో సరిచూడాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, టెండరు షరతుల్లో ఒక వాక్యం చాలు.