టెక్సాస్ విడాకుల డిపోజిషన్: నాన్నగారి ఖాతా దగ్గర దొరికిపోతారు

అమెరికాలో విడాకుల కేసు నడుస్తున్న మనవాళ్లు చాలామంది జడ్జి ముందు ఏం చెప్పాలా అని మథనపడుతుంటారు. అసలు జాగ్రత్త అవసరమయ్యేది అంతకు ముందే, లాయర్ ఆఫీసులో జరిగే డిపోజిషన్‌లో, అంటే ట్రయల్‌కు ముందు ప్రమాణం చేసి అవతలి లాయర్ ప్రశ్నలకు జవాబులు చెప్పే చోట. అక్కడ జడ్జి ఉండరు. అవతలి లాయరు, ప్రతి మాటా రాసుకునే కోర్టు రిపోర్టరు, ఒక్కోసారి కెమెరా. ప్రమాణం మాత్రం కోర్టులో చేసేదే.

ఇండియా కోర్టుల్లో సాక్ష్యం మామూలుగా కథనంలా రాస్తారు. ప్రశ్న పోయి జవాబే మిగులుతుంది. ఇక్కడ ప్రశ్న, జవాబు, మధ్యలో మీరన్న 'ఊఁ' కూడా రికార్డులోకి ఎక్కుతుంది. తలూపితే ఒప్పుకోరు, నోటితో చెప్పమంటారు.

టెక్సాస్‌లో ఒక సాక్షిని ఒక్కో పక్షం 6 గంటల వరకు ప్రశ్నించవచ్చు, విరామాలు లెక్కలోకి రావు. ప్రశ్న మీద మీ లాయర్ అనగలిగేది 'అబ్జెక్షన్, లీడింగ్' (జవాబు ప్రశ్నలోనే అందిస్తున్నారని) లేదా 'అబ్జెక్షన్, ఫామ్' (ప్రశ్న అడిగిన తీరు సరిగా లేదని), అంతే. అన్నాక కూడా మామూలుగా జవాబు చెప్పాల్సిందే. మధ్యలో ఆయన చెవిలో గుసగుసలాడటం కుదరదు.

మనవాళ్లు ఎక్కువగా జారేది ఇండియా లెక్కల దగ్గర. "అక్కడ మీకు ఖాతాలున్నాయా?" "లేవండీ, అది నాన్నగారిది." కాసేపటికి స్టేట్‌మెంట్ బల్ల మీదికొస్తుంది, జాయింట్ హోల్డర్‌గా మీ పేరుతో. వెనకే మీ ట్యాక్స్ రిటర్న్, షెడ్యూల్ బి మూడో భాగం: విదేశీ ఖాతా ఉందా అన్నచోట 'నో'. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (ఆ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే రిపోర్టు) వేయాలి. జాయింట్ ఖాతా కూడా అందులోకే వస్తుంది. ఇక మీ మిగతా జవాబులనూ ఎవరు నమ్ముతారు? ఇలాంటిదేమైనా ఉంటే డిపోజిషన్‌కు ముందే లాయర్‌కు చెప్పాలి.

నాన్నగారు డబ్బిచ్చి మీ పేరున కొన్న ప్లాటు సంగతి వేరే. అది మీ సొంతమే కావచ్చు. కానీ విడాకుల నాటికి ఉన్నదంతా ఉమ్మడి ఆస్తి అనే టెక్సాస్ చట్టం మొదలుపెడుతుంది. కాదని బలమైన ఆధారంతో చూపాల్సింది మీరే. రిజిస్ట్రేషన్ కాగితాలు, డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్లిందో చూపే స్టేట్‌మెంట్ ముందే తెప్పించుకోండి.

బంగారం దగ్గర "ఓ పాతిక తులాలుంటుందేమో" అంటే ఆ పాతికే పట్టుకుంటారు. తూకం చీటీ ఉంటే అంకె చెప్పండి, లేకపోతే తెలియదనండి.

ట్రాన్‌స్క్రిప్ట్ (మీ ప్రశ్నలు, జవాబులు టైపు చేసిన ప్రతి) అందాక సవరణలకు 20 రోజులు. వేరే కాగితం మీద, కారణంతో రాసివ్వాలి. మొదటి జవాబు చెరిగిపోదు. 'లేదు' అలాగే ఉంటుంది, పక్కన 'ఉంది' చేరుతుంది. ట్రయల్‌లో అవతలి లాయరు రెండూ చదివి వినిపిస్తారు.