‘శని, ఆదివారాల్లో యాప్ రెడీ’ అనే మాటకు జవాబు

తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో, ముఖ్యంగా బీటెక్ పిల్లలు ఉండే గ్రూపుల్లో, ఒక పోస్టు తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “ఏఐ వచ్చాక యాప్ చేయడానికి టీమ్ అక్కర్లేదు. శనివారం మొదలుపెడితే ఆదివారం రాత్రికి ప్లే స్టోర్‌లో ఉంటుంది. టెస్టింగ్‌కి టైమ్ వేస్ట్ చేయొద్దు, బగ్స్ ఉంటే యూజర్లే చెప్తారు. ఫీచర్లన్నీ పెట్టి ఒకేసారి లాంచ్ చేయండి. లేటైతే ఇంకో నలుగురిని తీసుకోండి. తెలుగు చివర్లో కలుపుకోవచ్చు. లాంచ్ అయ్యాక ఇక డబ్బు లెక్కపెట్టుకోవడమే.”

ఈ పోస్టు నమ్మి ఉద్యోగం మానేద్దామనుకునే పిల్లలున్నారు. ఇంట్లోవాళ్లు దాచుకున్న డబ్బు అడుగుతున్నవాళ్లున్నారు. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే ఇది ఇంత తేలిగ్గా నమ్మకం కలిగిస్తోంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్తాను.

“శనివారం మొదలుపెడితే ఆదివారం రాత్రికి ప్లే స్టోర్‌లో.”

రెండు రోజుల్లో డెమో తయారవుతుంది, అది నిజమే. ఒకప్పుడు నెల పట్టే స్క్రీన్లు ఇప్పుడు ఒక్క సాయంత్రంలో వచ్చేస్తున్నాయి. కానీ ఏఐకి మాటల్లో చెప్పి కోడ్ రాయించుకునే ఈ పద్ధతికి ‘వైబ్ కోడింగ్’ అనే పేరు పెట్టిన ఏఐ నిపుణుడు ఆండ్రే కర్పతీయే, 2025 ఫిబ్రవరిలో ఆ మాట అన్నప్పుడే, వాడి పారేసే వారాంతపు ప్రాజెక్టులకు ఇది ఫర్వాలేదు అన్నారు. పోస్టు రాసినవాళ్లు ఆ ముక్క వదిలేశారు.

ఇక ప్లే స్టోర్ సంగతి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతా అయితే, యాప్‌ను అందరికీ విడుదల చేయడానికి అనుమతి అడగాలన్నా ముందు కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు మీ టెస్టింగ్‌లో చేరి ఉండాలి. ఈ సంఖ్య మొదట 20 ఉండేది, 2024 చివర్లో తగ్గించారు. అంటే కోడ్ ఎంత తొందరగా అయినా రెండు వారాలు ఆగక తప్పదు. మీ యాప్ ఎస్సెమ్మెస్‌లో ఓటీపీ పంపాలా? మన దేశంలో దానికి డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ కావాలి, అంటే సంస్థలు మెసేజ్‌లు పంపే ముందు టెలికాం కంపెనీల దగ్గర చేయించుకునే నమోదు. సంస్థ పేరు, పంపే హెడర్ (పంపినవారిగా ఫోన్‌లో కనిపించే పేరు), మెసేజ్ టెంప్లేట్ (మెసేజ్ నమూనా) ముందే నమోదు చేయించుకోవాలి. టెంప్లేట్‌కి తేడాగా పంపితే మెసేజ్ వెళ్లదు. ఈ పని ఏ ఏఐ టూలూ మీ తరఫున చేసిపెట్టదు.

అసలు కష్టం ఇంతకంటే లోపల ఉంది. ట్యూషన్ ఫీజు కట్టే చిన్న యాప్ అనుకుందాం. ఒక తల్లి బస్సులో కూర్చుని ‘పే’ నొక్కింది. యూపీఐ పిన్ కొట్టింది. ఖాతాలో డబ్బు కట్ అయింది. ఆ కబురు ఫోన్‌కి తిరిగొచ్చేలోపు బస్సు సిగ్నల్ లేని చోటికి వెళ్లింది. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఆవిడ కంగారుపడి వెనక్కి వెళ్లి మళ్లీ ‘పే’ నొక్కింది. రెండు రోజుల్లో అల్లిన డెమోలో చాలావరకు రెండే స్థితులు ఉంటాయి: పేమెంట్ అయింది, పేమెంట్ కాలేదు. మూడోది, అంటే ‘ఇంకా తెలియదు’ అనే స్థితి, ఎవరూ ప్రత్యేకంగా అడగలేదు కాబట్టి అందులో ఉండదు. ఫలితంగా ఆవిడ ఫీజు రెండుసార్లు కట్టింది, ట్యూషన్ సెంటర్ రిజిస్టర్‌లో మాత్రం ఒక్కసారీ కట్టినట్టు లేదు.

దీనికి మందు ఉంది, అది కొత్తదేమీ కాదు. డబ్బు అడగకముందే ప్రతి ఆర్డర్‌కీ ఒక నంబరు ఇవ్వాలి. అదే నంబరుతో రెండోసారి నొక్కితే కొత్త పేమెంట్ పుట్టకూడదు. ఫోన్ చెప్పిన మాట నమ్మకుండా, సర్వర్ నేరుగా పేమెంట్ గేట్‌వేని, అంటే యాప్‌కీ బ్యాంకుకీ మధ్య చెల్లింపు నడిపే సేవని, అడిగి స్థితి తెలుసుకోవాలి. రోజూ రాత్రి గేట్‌వే ఇచ్చే సెటిల్‌మెంట్ రిపోర్టుతో (మీకు జమైన డబ్బు లెక్కతో) మీ లెక్క సరిచూసుకోవాలి. స్క్రీన్ మీద మాత్రం ఒక్క వాక్యం చాలు: “బ్యాంకు నుంచి జవాబు కోసం చూస్తున్నాం, మళ్లీ కట్టకండి.” 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న, దేశమంతటా యూపీఐ ఇబ్బంది పెట్టింది. అలాంటి రోజున ఈ ఏర్పాట్లు లేని యాప్ యజమాని ఫోన్ ఎత్తలేక టెన్షన్‌తో కూర్చోవాలి.

ఏఐ వేగం గురించి ఒక మాట. 2025 జూలైలో మీటర్ అనే పరిశోధన సంస్థ ఒక అధ్యయనం ప్రచురించింది. అనుభవం ఉన్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లు తమకు బాగా తెలిసిన కోడ్ మీద 246 పనులు చేశారు. ఏఐ వాడినప్పుడు వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని అయ్యాక అడిగితే మాత్రం 20 శాతం తొందరగా చేశామనే అనుకున్నారు. అది 2025 తొలి నెలల టూల్స్‌తో తేలిన సంగతి, కొత్త యాప్ మొదటినుంచి కట్టేవాళ్లకు ఇదే లెక్క వర్తిస్తుందని నేను అనను. కానీ ‘తొందరగా అవుతోంది’ అనే భావన వేరు, గడియారం వేరు అని మాత్రం ఇది చూపిస్తోంది. అదే జూలైలో, ఏఐతో యాప్‌లు కట్టించే రెప్లిట్ అనే కంపెనీకి చెందిన ఏఐ ఏజెంట్ (తనంతట తానే పనులు చేసే ప్రోగ్రామ్), కోడ్ ముట్టుకోవద్దని చెప్పినా వినకుండా, ఒక కస్టమర్ అసలు డేటాబేస్‌నే తుడిచేసింది. కంపెనీ సీఈఓ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. కాబట్టి టెస్ట్ డేటాబేస్ వేరుగా, అసలుది వేరుగా ఉంచండి. అసలుదాని తాళం ఏఐ చేతికి ఇవ్వకండి. బ్యాకప్ ఉంటే సరిపోదు, దాన్ని ఒకసారి తిరిగి ఎక్కించి చూసుకోండి.

“టెస్టింగ్ వద్దు, బగ్స్ యూజర్లే చెప్తారు.”

చెప్పరు. చాలామంది యాప్ తీసేసి వెళ్లిపోతారు. చెప్పేంత ఓపిక ఉన్నవాళ్లు కొద్దిమందే, వాళ్ల ఓపికా ఒక్కసారికే.

అమెరికాలో ఆరోగ్య బీమా అమ్మే ప్రభుత్వ సైట్ హెల్త్‌కేర్.గవ్ 2013 అక్టోబరు 1న తెరుచుకుంది. మొదటి రోజు లక్షల మంది వచ్చారు. చివరిదాకా వెళ్లి బీమాకు నమోదైనవాళ్లు ఆరుగురు. మొదటి పేజీ నుంచి చివరి దాకా మొత్తం సైట్‌ను కలిపి పరీక్షించడం లాంచ్‌కి చివరి రెండు వారాల్లో జరిగింది. పైగా ధరలు చూడాలన్నా ముందు ఖాతా తెరవాల్సిందే అని ఆలస్యంగా మార్చారు. దాంతో ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్ల భారం కూడా రిజిస్ట్రేషన్ మీద పడింది. విడి భాగాలు ఎవరికి వారు చూసుకోవడం టెస్టింగ్ కాదు. కలిపి, జనం వచ్చినప్పుడు ఉండే ఒత్తిడితో చూడాలి.

డబ్బు లేని చిన్న టీమ్ ఏం చేయాలి? వెబ్‌సైట్లు జనం ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000 సంవత్సరంలోనే చెప్పారు, ఐదుగురితో చూపించుకుంటే వాడకంలో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం బయటపడతాయని. ఐదుగురు మీ క్లాస్‌మేట్లు కాకూడదు. యాప్ ఎవరి కోసమో వాళ్లే కావాలి. ఎరువుల దుకాణం కోసమైతే ఎరువుల దుకాణానికే వెళ్లండి. ఫోన్ వాళ్ల చేతికిచ్చి, ఒక పని చెప్పి, పక్కన నోరు మూసుకుని కూర్చోండి. “అక్కడ నొక్కండి అన్నా” అని ఒక్కసారి అన్నా ఆ టెస్ట్ పోయినట్టే. వాళ్ల వేలు ఎక్కడ ఆగుతుందో అక్కడే మీ పని ఉంది.

“ఫీచర్లన్నీ పెట్టి ఒకేసారి లాంచ్ చేయండి.”

క్విబి అనే వీడియో యాప్ దాదాపు 175 కోట్ల డాలర్లు సేకరించి 2020 ఏప్రిల్ 6న మొదలైంది. ఫోన్‌లో మాత్రమే, ప్రయాణంలో మాత్రమే చూస్తారన్న అంచనా మీద అంతా కట్టారు. అప్పటికి కొవిడ్ వచ్చి జనం ఇంట్లో టీవీల ముందు ఉన్నారు. మొదట్లో ఆ యాప్‌ను టీవీలో చూసే దారే లేదు. డిసెంబరు 1న మూసేశారు. కొవిడ్ రావడం వాళ్ల తప్పు కాదు. కానీ అంచనా చిన్నగా పరీక్షించుకోకుండా అంత డబ్బు దాని మీద పెట్టడం మాత్రం వాళ్ల నిర్ణయమే.

మన యూపీఐ ఎలా వచ్చిందో చూడండి. 2016 ఏప్రిల్ 11న 21 బ్యాంకులతో పైలట్‌గా మొదలైంది. బ్యాంకుల యాప్‌లు ప్లే స్టోర్‌లోకి రావడం ఆగస్టు 25 నుంచి. భీమ్ వచ్చింది డిసెంబరు 30న. దేశవ్యాప్త వ్యవస్థకే నెలల పాటు చిన్నగా నడిచి చూడటం అవసరమైంది.

“లేటైతే ఇంకో నలుగురిని తీసుకోండి.”

ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే దీనికి జవాబిచ్చారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుంది. కొత్తవాళ్లకు నేర్పేది పాతవాళ్లే, ఆ రోజుల్లో వాళ్ల పనీ ఆగుతుంది. హెల్త్‌కేర్.గవ్‌ను నిలబెట్టిన బృందం కూడా గుంపును పెంచడంతో మొదలుపెట్టలేదు. ఎక్కడ ఆగుతోందో కనిపించేలా ముందు కొలతలు పెట్టుకున్నారు, రోజూ సమావేశమయ్యారు. హోదా ఉన్నవాళ్లు కాకుండా విషయం తెలిసినవాళ్లే మాట్లాడాలని నియమం పెట్టుకున్నారు. డిసెంబరు మొదటికి 400కు పైగా లోపాలు సరిచేశారు. పేజీ తెరుచుకునే సగటు సమయం 8 సెకన్ల నుంచి ఒక సెకను లోపుకి వచ్చింది. మీ టీమ్ లేటైతే మనుషుల్ని పెంచే ముందు పనిని తగ్గించండి.

“తెలుగు చివర్లో కలుపుకోవచ్చు.”

ఈ మాట తెలుగువాళ్లే షేర్ చేయడం చూస్తే బాధేస్తుంది. తెలుగు అంటే చివర్లో అతికించే మాటల పట్టిక అనుకుంటున్నారు. ‘లక్ష్మి’ తీసుకోండి. చదివే మనకు రెండక్షరాలు. కంప్యూటర్‌కి ఏడు యూనికోడ్ సంకేతాలు (అక్షరాలకూ గుర్తులకూ ఇచ్చిన నంబర్లు), వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 21 బైట్లు. డేటాబేస్‌లో పేరుకి 30 బైట్లు పెట్టిన టీమ్‌కి ‘వెంకటలక్ష్మి’ వచ్చినప్పుడు చోటు చాలదు, చివరి వత్తు దగ్గర పేరు తెగిపోతుంది. ఇంగ్లిష్ కోసం కొలిచిన బటన్‌లో తెలుగు పెడితే కింద వత్తులు కోసుకుపోతాయి. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగులో రాసిన క్షణం ఆ హద్దు 70కి పడిపోతుంది. రెండు మెసేజ్‌లు అవుతాయి, ఖర్చూ రెట్టింపవుతుంది. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్లకు ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ గడులు పెడితే, ఒకచోట ఇనీషియల్, ఇంకోచోట పూర్తి పేరు పడి, కేవైసీ దగ్గర ‘పేరు సరిపోలేదు’ అని ఆగిపోతారు.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరానికి సంబంధించిన ఒక సంకేతాల వరస మెసేజ్‌గా వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి. కంటికి కనిపించని ఒక సంకేతం మధ్యలో ఉండటం దానికి కారణం. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. మొదటి స్క్రీన్ గీసే రోజునే అందులో తెలుగు పేర్లు పెట్టి చూడండి: లక్ష్మి, జ్ఞానేశ్వర్, కృష్ణమూర్తి. డేటాబేస్, బటన్, ఎస్సెమ్మెస్ మూడూ ఆ రోజే పరీక్షకు నిలబడతాయి.

పోస్టులో ప్రస్తావనే లేని విషయం ఒకటుంది, డేటా. తెలంగాణలో 2020 అక్టోబరు 29న వచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణి ఒక మంచి సౌకర్యం ఇచ్చింది. తహసీల్దార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో యజమాని పేరు మార్చడం) ఒకే విడతలో అయిపోయేవి. కానీ దాని వెనకున్నది 2017లో భూరికార్డుల ప్రక్షాళనలో తేల్చిన సమాచారం. అప్పుడు వివాదంలో ఉన్న భూముల్ని పార్ట్-బి అనే వేరే జాబితాలో పెట్టారు. విస్తీర్ణం తేడాలు, కనిపించని సర్వే నంబర్లు, నిషేధిత జాబితాలో పడ్డ పట్టా భూములు పోర్టల్‌లోకి వచ్చాక, వాటిని సరిచేసే మాడ్యూళ్లు తర్వాత తర్వాత ఒక్కొక్కటిగా కలిశాయి. ఈ మధ్యలో రైతులు ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పాత రికార్డులు ఎక్కించే ఏ యాప్‌కైనా ‘ఇది తప్పు, సరిచేయండి’ అనే దారి మొదటి రోజే ఉండాలి. అది తర్వాత కలిపే ఫీచర్ కాదు.

“లాంచ్ అయ్యాక ఇక డబ్బు లెక్కపెట్టుకోవడమే.”

ఇన్‌కమ్ ట్యాక్స్ కొత్త పోర్టల్ 2021 జూన్ 7న తెరిచారు. తయారుచేసింది ఇన్ఫోసిస్, అనుభవానికి లోటు లేదు. అయినా రెండున్నర నెలల తర్వాత కూడా సమస్యలు తీరక, ఆగస్టు 21, 22 తేదీల్లో సైట్ తెరుచుకోక, 23న ఆర్థిక మంత్రిత్వశాఖ కంపెనీ సీఈఓను పిలిపించి వివరణ అడిగింది. లాంచ్ తర్వాత చేసే చిన్న మార్పు కూడా ప్రమాదమే. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ ట్రేడింగ్ సంస్థ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ ఎక్కించింది. ఎనిమిదోదానిలో మిగిలిన పాత కోడ్ మేల్కొని, దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది.

అందుకే బడ్జెట్ రాసేటప్పుడు లాంచ్ తర్వాతి ఆరు నెలల జీతాలు, సర్వర్ ఖర్చు ముందే పక్కన పెట్టండి. ప్రతి మార్పునీ ముందు కొద్దిమందికే పంపండి, తేడా వస్తే పాతదానికి ఎలా వెళ్లాలో రాసిపెట్టుకుని మరీ పంపండి. కస్టమర్ ఫోన్ చేస్తే ఎత్తే మనిషి టీమ్‌లోనే ఉండాలి, వారానికొకరు వంతులవారీగా, కోడ్ రాసేవాళ్లతో సహా.