మహారాజశ్రీ ఆండ్రాన్ గారికి

ప్రాచీన గ్రీకు ఇళ్ళలో మగవారి విందుగదిగా ఏలిన ఆండ్రాన్ గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ తమరు కొలువుదీరిన, ఉత్తర గ్రీసులోని ఒలింథస్ నగరాన్ని మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్ క్రీ.పూ. 348లో నేలమట్టం చేశాడు కనుక క్షేమసమాచారాలు అడగడం బాగుండదు. అక్కడ దొరికిన సీసపు వడిసెల గుండ్ల మీద ఫిలిప్ పేరు కూడా ఉంది. పిలవని అతిథే అయినా పేరు చెప్పుకొని మరీ వచ్చాడు, పెద్దమనిషి.

1928లో రాబిన్సన్ అనే అమెరికన్ ఆచార్యుడు అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. నూటికి పైగా ఇళ్ళు బయటపడ్డాయి. ఆ ఇళ్ళ గోడలు రాతి పునాది మీద లేపిన పచ్చి ఇటుకలవి. గ్రీకు దొంగలకు తలుపుతో పనే లేదు, గోడకే కన్నం వేసేవారు. చాలా గదుల్లో నేల మట్టిదే. తమరికి మాత్రం గట్టి గచ్చు, కలిగినవారి ఇళ్ళలో అయితే నలుపు తెలుపు గులకరాళ్ళతో పొదిగిన దేవతల బొమ్మలు! గోడల పొడవునా మంచాలు వేయడానికి కాస్త ఎత్తు చేసిన అరుగు. ఆ మంచాలు లెక్కకు సరిపోవాలని మీ గుమ్మాన్ని గోడ మధ్య నుంచి ఒక పక్కకు నెట్టారు. పడుకొని తాగేవారి కాళ్ళకు ఇంత గౌరవం ఇచ్చిన వాస్తుశాస్త్రం మరొకటి ఉందా?

ఇక మీ కొలువులో జరిగే ఘనకార్యాలు చూద్దాం. ఎడమ మోచేతి మీద ఒరిగి, ద్రాక్షసారాయంలో నీళ్ళు కలుపుకొని (కలపకుండా తాగడం అనాగరికులకే చెల్లునట), ధర్మమంటే ఏమిటో తేల్చడం. అది తేలకపోతే కొట్టబాస్ ఆట. వెడల్పాటి కప్పు పిడిలో వేలు దూర్చి, అడుగున మిగిలిన మడ్డిని గురి చూసి విసరాలి. మడ్డి గురికి తగిలితే కేరింతలు, తగలకపోతే దేవతల మొహాన. పొద్దున్నే ఆ మొహాలు కడిగేది ఏ బానిసో. పిల్లనగ్రోవి వాయించే అమ్మాయికి మీ గదిలో ప్రవేశం ఉంది, ఇంటి ఇల్లాలికి లేదు.

ఆ ఇల్లాలి సంగతి గ్రీకు రచయిత జెనొఫోన్ రాసిన గృహనిర్వహణ సంభాషణలో ఉంది. ఇస్కోమాకస్ అనే గృహస్థు భార్య కాపురానికి వచ్చేనాటికి ఆమెకు పదిహేనేళ్ళు నిండలేదు. ఆయన ఆమెకు ఇల్లంతా తిప్పి చూపిస్తాడు. ఆడవారి భాగానికీ మగవారి భాగానికీ మధ్య గడియ వేసిన తలుపు ఎందుకో కూడా వివరిస్తాడు: సామాను బయటికి పోకూడదు, మన అనుమతి లేకుండా బానిసలు పిల్లల్ని కనకూడదు! మొహానికి తెల్ల సీసం పూసుకోవడం మానేసి పిండి పిసకమని, దుప్పట్లు దులిపి మడతపెట్టమని, అదే మంచి వ్యాయామమని సలహా. సలహా ఇచ్చిన చేతికి పిండి అంటిన దాఖలా మాత్రం లేదు.

అయితే ఆండ్రాన్ గారూ, ఒక చేదు సంగతి చెప్పాలి. ఒలింథస్‌లో తమరిని గుర్తుపట్టడం సులువు. ఆడవారి గది ఏదో మాత్రం తవ్విన ఇళ్ళలో వేలు పెట్టి చూపలేకపోతున్నారు. కారణం ఏమిటంటారు? మగ్గానికి వేలాడదీసే మట్టి బరువులు, తిరగలి రాళ్ళు, కుండలు ఇంట్లో అక్కడా ఇక్కడా దొరికాయి. వాళ్ళు ఎండ పడే చోట నేశారు, నీడ ఉన్న చోట తిరగలి విసిరారు. ఇల్లు మొత్తం వాళ్ళ చేతుల్లో ఉంది. పరాయి మగవాళ్ళు ఇల్లు కలియతిరగకుండా ఒక గదిలో కూర్చోబెట్టి, ముందుకు కాస్త ద్రాక్షసారాయం తోసి తలుపు మూయాలి. దానికోసం కట్టిన గది తమరు. రాజదర్బారు అనుకున్నది బందెలదొడ్డి అన్నమాట.

నమ్మకం లేకపోతే ఏథెన్స్ న్యాయస్థానంలో యూఫిలెటస్ అనే గృహస్థు చెప్పుకున్న మాటలు వినండి. ఆ వాంగ్మూలం కోర్టు ప్రసంగాలు రాసిచ్చే లిసియాస్ రాసిపెట్టింది. ఆయనది మేడ ఇల్లు, పైన ఆడవారు, కింద మగవారు. బిడ్డను కడగడానికి భార్య ప్రతిసారీ మెట్లు దిగి పడుతుందేమోనని ఈయన పైకి మారాడు, ఆమె కిందికి వచ్చింది. ఒక రాత్రి ఆమె నవ్వుతూ తలుపు లాగి, గడియ వేసి, తాళంచెవి పట్టుకుపోయింది. ఈయన హాయిగా నిద్రపోయాడు. కింద ప్రియుడు ఉన్నాడు. రాత్రి తలుపు చప్పుడు ఎందుకైందని పొద్దున అడిగితే, బిడ్డ దగ్గర దీపం ఆరిపోయిందని, పక్కింటి నుంచి వెలిగించుకొచ్చానని జవాబు. సోదరుడు పోయి నెల తిరగకముందే ఆమె మొహాన పూత చూసి కూడా ఈయన నోరు మెదపలేదు. తర్వాత ఒక రాత్రి ఆ ప్రియుణ్ణి పట్టుకొని చంపాడు, అది వేరే కథ. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో గమనించారా? జెనొఫోన్ గారి గడియ ఆ రాత్రి అటువైపు నుంచి పడింది.

కాబట్టి తమరు ఇకనైనా ఇంటి యజమాని పోజు మానుకుంటే బాగుంటుంది. తమరు లేని ఇళ్ళు ఒలింథస్‌లో చాలానే ఉన్నాయి. వాటిలోనూ వంటలు వండారు, బట్టలు నేశారు, పిల్లల్ని పెంచారు.

ఇట్లు,
గుమ్మం బయటే నిలబడి రాస్తున్న ఒక తెలుగు పాఠకురాలు

తా.క.: కొట్టబాస్‌కు మళ్ళీ ఎవరైనా వస్తే, ముందు నేల తుడిచే గుడ్డ ఎక్కడ ఉందో వాళ్ళకు చూపించండి.