డబ్బిచ్చి డెంగీ

(అరుగు మీద బాబాయి, ఫోన్లో. వంటింట్లో పిన్ని. మధ్య గడపలో నేనూ, నా దిబ్బరొట్టె.)

బాబాయి: (ఫోన్లో) అవునండీ, డింగీయే. ఈ వారంలో తేల్చేయాలి. మా ఆవిడకింకా చెప్పలేదు, చెప్తే గోల.

(పిన్ని అట్లకాడతో సహా వచ్చేసింది.)

పిన్ని: ఎన్నాళ్ళ నుంచండీ?

బాబాయి: వినేశావా? రెండు నెలల నుంచీ అదే ధ్యాస.

పిన్ని: రెండు నెలలా! ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయి?

బాబాయి: పడవలో ప్లేట్లెందుకే?

పిన్ని: పొద్దున్నుంచీ డెంగీ, డెంగీ అంటున్నారుగా!

బాబాయి: డెంగీ కాదే తల్లీ, డింగీ! పిల్ల పడవ. మన తెరచాప పడవ వశిష్ఠ గోదావరిలో లంగరేసి ఉందా? నీళ్ళు తగ్గే పాటు వేళ గట్టుకి తెస్తే బురదలో కూరుకుపోద్ది. దాని దగ్గరికి వెళ్ళడానికన్నమాట.

పిన్ని: పడవెక్కడానికి పడవ. మరి ఆ పిల్లదాన్ని ఎక్కడానికో?

బాబాయి: ...పంచె ఎగ్గట్టుకుని మోకాలి లోతులో నడవాలి.

పిన్ని: ఆ నడిచేదేదో రైతుబజారుకి నడవచ్చుగా.

బాబాయి: (వినపడనట్టు) గాలి కొట్టేది ఒకటి, ఫైబర్‌ది ఒకటి. గాలిదైతే మడిచి సంచిలో పెట్టేయొచ్చు, అంచు మీద కూర్చున్నా ఒరగదు. కానీ తెడ్డేస్తే మొరాయిస్తుంది, ఎదురుగాలైతే వెనక్కే నడుస్తుంది. రేవు గుంజలకున్న ఆల్చిప్పలు గీసుకున్నాయో, తుస్సు! ఫైబర్‌ది తెడ్డుకి జోరుగా పోద్ది. కాకపోతే దాన్లో లేచి నిలబడకూడదు.

పిన్ని: గాలి డెంగీ, గట్టి డెంగీ. ఊళ్ళోవాళ్ళు ఊరికే వచ్చిందని ఏడుస్తుంటే, మీరు డబ్బిచ్చి కొని తెచ్చుకుంటున్నారు.

బాబాయి: డింగీ!

పిన్ని: అదేలెండి. పొడుగెంత?

బాబాయి: ఏడడుగులు. పెద్దదాని మీద ఖాళీ ఏడున్నరే మరి. వెనక తాడు కట్టి లాగితే దాని నడక మందగిస్తుంది. రెండు ముక్కలుగా ఊడదీసి ఒకదాన్లో ఒకటి పెట్టేవి కూడా ఉన్నాయే!

పిన్ని: స్టీలు గిన్నెల్లాగానా? బిగించడం మర్చిపోతే? కుక్కర్‌కి వాషర్ పెట్టడమే గుర్తుండదు మీకు. (ఫోన్ లాక్కుని) బాబూ, డెంగీకి గ్యారంటీ ఎన్నేళ్ళు?

ఫోన్: ఆయ్, డెంగీకి అయిదేళ్ళండి.

బాబాయి: ఆయనక్కూడా అంటించావు!

(డెంగీ అలా అంటుకోదని నేను చెప్పబోయాను. నన్నెవరూ లెక్కచేయలేదు.)

పిన్ని: వానాకాలం ఎక్కడ పెడతారు దీన్ని?

బాబాయి: పెరట్లో, కొబ్బరిచెట్టు కింద.

పిన్ని: నోరు తెరుచుకునా? ఆశా అమ్మాయి కొబ్బరిచిప్పలో నీళ్ళే ఊరుకోదు, ఒలకబోయిస్తుంది. ఆ దోమ గుడ్లు పెట్టేది నిలవున్న మంచినీళ్ళలోనే. ఏడడుగుల కొబ్బరిచిప్ప తెస్తారా ఇంటికి!

బాబాయి: ...బోర్లా పెడతాను.

పిన్ని: గట్టిదే కొనండి. తెడ్డేసే ఓపిక ఎటూ లేదు, పోనీ తేలిగ్గా పోతుంది.

బాబాయి: గాలిదే.

పిన్ని: ఎందుకట?

బాబాయి: మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి నిన్ను పడవలో తీసుకెళ్దామని. గట్టిదైతే ఎక్కేటప్పుడు ఒరుగుద్ది. నీ మోకాళ్ళు...

(పిన్ని లోపలికెళ్ళిపోయింది. నిండు గ్లాసుతో వచ్చింది. పచ్చగా ఉంది.)

బాబాయి: ఏంటిది?

పిన్ని: బొప్పాయాకు రసం. పొద్దున్న మీ మాట వినగానే పక్కింటి చెట్టు దులిపేశాను. పారబోయనా?

(బాబాయి ముక్కు మూసుకుని తాగేశాడు.)

పిన్ని: చేదుగా ఉందా?

బాబాయి: అబ్బే, బాగుంది.

పిన్ని: అయితే రేపూ చేస్తాను.