స్టేట్ బ్యాంకుకు ఆదేశం కాగితం మీదే రావాలి

గన్‌ఫౌండ్రీలో 1942 ఏప్రిల్ 5న పని మొదలుపెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు, పాలకులతో తనకున్న సంబంధాన్ని ఎన్నడూ దాచుకోలేదు. నిజాం ప్రభుత్వం 1941లో చేసిన చట్టంతో అది పుట్టింది; సంస్థానం సొంత నాణెమైన ఉస్మానియా సిక్కా నిర్వహణ, సంస్థానం ప్రజారుణం బాధ్యతలు చూస్తూనే మామూలు వాణిజ్య బ్యాంకుగానూ నడిచింది. సంస్థానం పోయాక, సిక్కా చలామణి ఆగిపోయాక కూడా బ్యాంకు నిలిచింది. 1956లో రిజర్వు బ్యాంకు చేతికి వచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది, 1959లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు అనుబంధ బ్యాంకుగా మారింది, చివరికి 2017 ఏప్రిల్ 1న మరో నాలుగు అనుబంధ బ్యాంకులతో, భారతీయ మహిళా బ్యాంకుతో పాటు అందులో కలిసిపోయింది. అందువల్ల దేశంలోకెల్లా పెద్దదైన ఈ బ్యాంకుకూ రాజకీయ నాయకత్వానికీ మధ్య ఏం జరుగుతోందన్న ప్రశ్న హైదరాబాద్ వాసులకు ఢిల్లీ ముచ్చట కాదు. ఈ ప్రాంతపు ప్రజల పొదుపు మూడు తరాలుగా అక్కడే ఉంది.

బ్యాంకులకు రాజకీయాలతో పనేమిటని కోపంగా అడిగేవారున్నారు. ఆ కోపం అర్థమయ్యేదే, కానీ ఈ బ్యాంకు చరిత్ర దానికి లొంగదు. స్టేట్ బ్యాంకు మూలాలు 1806లో కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో పెట్టిన బ్యాంకులో ఉన్నాయి. బెంగాల్, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీ బ్యాంకులు 1921లో ఒక్కటై ఇంపీరియల్ బ్యాంకుగా ఏర్పడినప్పుడూ సర్కారు ఖజానా పనులు దాని చేతిలోనే ఉన్నాయి. 1955 జులై 1న అది స్టేట్ బ్యాంకుగా మారడం పూర్తిగా రాజకీయ నిర్ణయం. గ్రామీణ రుణాలపై అఖిల భారత స్థాయిలో జరిగిన సర్వే, రైతు ఇంకా వడ్డీ వ్యాపారి గడపలోనే నిలబడి ఉన్నాడని తేల్చింది. అయిదేళ్లలో 400 కొత్త శాఖలు తెరవాలన్న బాధ్యతను పార్లమెంటు ఆ బ్యాంకు భుజాన పెట్టింది, బ్యాంకు దాన్ని నెరవేర్చింది. లాభం లెక్క మాత్రమే చూసుకునే సంస్థ ఆ పల్లెలకు అప్పట్లో వెళ్లేది కాదు. ఆ రాజకీయ జోక్యం మంచి పని చేసిందని నేను నిస్సంకోచంగా అంటాను.

స్టేట్ బ్యాంకును ఏర్పాటు చేసిన 1955 నాటి చట్టంలోని 18వ సెక్షన్‌ను మన చర్చల్లో పెద్దగా ఎవరూ ప్రస్తావించరు. ప్రజా ప్రయోజనంతో ముడిపడిన విధాన విషయాల్లో కేంద్ర ప్రభుత్వం రిజర్వు బ్యాంకు గవర్నరునూ స్టేట్ బ్యాంకు చైర్మన్‌నూ సంప్రదించి బ్యాంకుకు ఆదేశాలు ఇవ్వవచ్చునని అది చెబుతుంది. ఏది విధాన విషయమో తేల్చే అధికారం కూడా ప్రభుత్వానిదే. చైర్మన్ నియామకమూ ప్రధాని నేతృత్వంలోని కేబినెట్ నియామకాల సంఘం నిర్ణయంతోనే జరుగుతుంది. అంటే బ్యాంకును నడిపించడానికి కావలసిన రాజమార్గం పాలకులకు చట్టంలోనే ఉంది. అది ఉండగా దొడ్డిదారి ఎందుకు అవసరమవుతోందన్నదే ఈ వ్యాసం అడుగుతున్న ప్రశ్న.

దొడ్డిదారి ఎంత దూరం వెళ్లగలదో 1971 మే 24న ఢిల్లీలో తేలింది. పార్లమెంట్ స్ట్రీట్ శాఖలో చీఫ్ క్యాషియర్‌గా ఉన్న అధికారికి ఒక ఫోను వచ్చింది. అవతలి గొంతు ప్రధాని ఇందిరాగాంధీదేనని నమ్మి, ఆయన 60 లక్షల రూపాయల నగదును పెట్టెలో పెట్టుకెళ్లి, సంకేతపదం చెప్పిన అపరిచితుడికి అప్పగించారు. రసీదు కోసం ప్రధాని నివాసానికి వెళితే అలాంటి ఫోనేదీ చేయలేదన్నారు. రుస్తుం సోహ్రాబ్ నగర్‌వాలా అదే రోజు పట్టుబడ్డాడు, సొమ్ములో ఎక్కువ భాగం దొరికింది, విచారణ రోజుల్లోనే ముగిసి శిక్ష పడింది, మరుసటి ఏడాది అతను కస్టడీలో ఉండగానే చనిపోయాడు. ఆ గొంతు ఎవరిదన్న వాదన దశాబ్దాలు నడిచింది. నా దృష్టి మాత్రం ఆ క్యాషియర్ మీదే ఆగుతుంది. చెక్కు లేదు, వోచరు లేదు, పై అధికారి సంతకం లేదు. అయినా అంత సొమ్ము కదిలింది. పైనుంచి మాట వస్తే కాగితం తర్వాత చూసుకోవచ్చన్న అలవాటు లేని చోట అనుభవజ్ఞుడైన ఉద్యోగి అలా నమ్మడం సాధ్యమా?

ఈ కేసుపై 1977లో జనతా ప్రభుత్వం వేసిన కమిషన్‌కు నేతృత్వం వహించినది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తిగా, తర్వాత సుప్రీంకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి. అదే న్యాయమూర్తి 1970 ఫిబ్రవరిలో బ్యాంకుల జాతీయీకరణ చట్టాన్ని కొట్టివేసిన 11 మంది ధర్మాసనంలోనూ ఉన్నారు. ఆ రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 1969 జులై 19న ఇందిరాగాంధీ 14 ప్రైవేటు బ్యాంకులను జాతీయం చేయడం వెనుక కాంగ్రెస్ పార్టీలో సిండికేట్ అని పిలిచే సీనియర్ నేతల వర్గంతో పోరాటం ఉంది, మొరార్జీ దేశాయ్ నుంచి ఆర్థిక శాఖను తీసుకున్న మూడు రోజులకే ఆర్డినెన్స్ వచ్చింది, తాత్కాలిక రాష్ట్రపతి వి.వి.గిరి సంతకం చేసిన మర్నాడే రాష్ట్రపతి ఎన్నికలో పోటీకి వీలుగా పదవి వదిలారు. ఇంతకన్నా రాజకీయమైన బ్యాంకింగ్ నిర్ణయం మన దేశంలో మరొకటి కనిపించదు. అయినా అది అచ్చులో ఉంది కాబట్టే పౌరుడు కోర్టుకెక్కగలిగాడు, 11 మందిలో 10 మంది న్యాయమూర్తులు లోపాలు ఎత్తిచూపగలిగారు, ప్రభుత్వం పరిహారం నిబంధనలు మార్చి కొత్త చట్టం తేవలసి వచ్చింది. ఫోను మాటను ఏ కోర్టులో సవాలు చేస్తాం? దాని కోసం ప్రభుత్వం మారేదాకా ఆగి కమిషన్ వేసుకోవలసి వచ్చింది.

పార్టీలకు పేరు బయటపడకుండా విరాళాలిచ్చే ఎన్నికల బాండ్ల వ్యవహారం ఈ రెండింటి కంటే చిక్కైనది, ఎందుకంటే అక్కడ గోప్యతే చట్టమైంది. 2018 జనవరిలో నోటిఫై చేసిన ఆ పథకంలో వెయ్యి రూపాయల నుంచి కోటి రూపాయల విలువ దాకా బాండ్లు అమ్మే అధికారం స్టేట్ బ్యాంకుకు మాత్రమే ఇచ్చారు. హైదరాబాద్ ప్రధాన శాఖ కూడా వాటిని అమ్మింది. ఎవరు కొన్నారో బ్యాంకుకు తెలుసు, ఏ పార్టీ నగదుగా మార్చుకుందో బ్యాంకుకు తెలుసు, ఓటరుకు మాత్రం తెలియదు. ఆ బ్యాంకులో సగానికి పైగా వాటా ఉన్న యజమాని ప్రభుత్వమే. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు పథకాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసి మార్చి 6లోగా వివరాలివ్వమంటే, బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. అప్పటికి లోక్‌సభ ఎన్నికలు ముగిసిపోతాయి. కోర్టు మార్చి 11న ఆ విన్నపాన్ని తోసిపుచ్చగానే మర్నాటికే వివరాలు ఎన్నికల సంఘానికి చేరాయి. 22,217 బాండ్ల లెక్క ఒక్క రోజులో ఇవ్వగలిగిన సంస్థ మూడున్నర నెలలు ఎందుకు అడిగిందో నేటికీ డిపాజిటర్లకు సంతృప్తికరమైన జవాబు లేదు.

బయటపడిన జాబితా మన ఊరినీ తాకింది. కొనుగోలుదారుల్లో రెండో స్థానం హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మేఘా ఇంజినీరింగ్‌ది, సుమారు 966 కోట్లు. అందుకున్న పార్టీల్లో బీజేపీ సుమారు 6,060 కోట్లతో అందరికన్నా ముందుంటే, తృణమూల్, కాంగ్రెస్‌ల తర్వాత నాలుగో స్థానంలో బీఆర్ఎస్ సుమారు 1,214 కోట్లతో ఉంది. వైఎస్సార్సీపీ, తెలుగుదేశం పేర్లూ ఉన్నాయి. ఏ ఒక్క పార్టీనో వేలెత్తి చూపి తక్కినవారు తప్పించుకునే వీలు ఈ జాబితా ఇవ్వదు. విరాళం ఇవ్వడం, తీసుకోవడం అప్పటి చట్టం ప్రకారం నేరం కాదని కూడా గుర్తుంచుకోవాలి. అసలు నష్టం ప్రభుత్వ బ్యాంకుకు జరిగింది: ప్రజల సొమ్ము కాపాడవలసిన సంస్థ పార్టీల రహస్యం కాపాడే పనిలోకి దిగింది.

తెలంగాణలో ఇదే బ్యాంకుకు మరో ముఖం ఉంది. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీకి కన్వీనర్ స్టేట్ బ్యాంకే. పంట రుణాల లక్ష్యాలు, 2014 తర్వాత లక్ష రూపాయల మాఫీని విడతలుగా చెల్లించడం, 2024లో రెండు లక్షల మాఫీ అమలు ఇవన్నీ మంత్రులు, బ్యాంకర్లు ఎదురెదురుగా కూర్చునే ఆ సమావేశాల్లో చర్చకు వస్తాయి. విడతల ఆలస్యంతో వడ్డీ పెరిగి రైతు కొత్త అప్పుకు అనర్హుడైన అనుభవాలు ఎన్నో ఉన్నాయి, మాఫీలపై బ్యాంకర్ల అభ్యంతరాల్లోనూ నిజముంది. ఆ ఒత్తిడి రాజకీయమైనదే, కానీ ఎజెండా ఉంటుంది, మినిట్స్ ఉంటాయి, ఏ మంత్రి ఏం అడిగారో మర్నాటి పత్రికలో వస్తుంది.

లక్ష రూపాయల పంట రుణానికి ఇంత బహిరంగ చర్చ ఉన్నప్పుడు, వందల కోట్ల కార్పొరేట్ రుణం విషయంలో మంత్రిత్వ శాఖ నుంచి బ్యాంకుకు వచ్చే ప్రతి సూచనా రాతపూర్వకంగా ఉండాలనడం అత్యాశ కాదు. 18వ సెక్షన్ కింద ఇచ్చే ఆదేశాలను పార్లమెంటు ముందుంచాలి. ఫోనులో వచ్చిన సూచనను అందుకున్న అధికారి అదే రోజు రికార్డు చేసి బోర్డుకు పంపే నియమం పెట్టాలి, అలా రాసిన అధికారిని బదిలీ వేటు నుంచి కాపాడే రక్షణ కూడా అందులోనే ఉండాలి. ఆ రక్షణ లేకపోతే రాసే ధైర్యం శాఖా స్థాయి ఉద్యోగికి ఎక్కడి నుంచి వస్తుంది?